కాడి క్రింద ఇద్దరు

ధ్యానమునకు: మత్తయి 11:28–30, మత్తయి 23:1–4, యోహాను 21:15–19



కోడెను సేద్యమునకు అలవాటు చేయు విధము మీకు తెలియనిది కాదు. ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఆ దృశ్యము అరుదైనది గాని పెద్దవారికి జ్ఞాపకముండును. కోడెను ఒంటిగా నాగలికి కట్టిన రైతు లేడు. చాలు తెలిసిన ముసలి ఎద్దును ఒక ప్రక్కను, కోడెను రెండవ ప్రక్కను కట్టి, ఒకే కాడి క్రింద నడిపించును. కోడె ఎగిరినను, మొండికెత్తి కూలబడినను ముసలి ఎద్దు తొందరపడదు. బరువులో పెద్ద పాలు తాను లాగుచు, మలుపు వచ్చినప్పుడు తాను ముందు తిరుగును. కొన్ని దినములకు కోడెకు చాలు తెలియును. రైతు చేతిలో ములుకోల ఉన్నమాట నిజమే. అయినను కోడెకు చాలు నేర్పినది ములుకోల కాదు. ప్రక్కను నడిచిన ఎద్దు.

మన ప్రభువు అలసియున్నవారిని తనయొద్దకు పిలిచినప్పుడు కాడిని గూర్చియు, నేర్చుకొనుటను గూర్చియు ఒకే చోట మాటలాడెను. తన మనస్సు సాత్వికమైనదనియు అక్కడనే చెప్పెను. బిడ్డ ఏలాగు నేర్చుకొనును అను ప్రశ్న వచ్చినప్పుడు, భయము చేతనా ప్రేమ చేతనా అని మనము వాదించుకొందుము. ప్రభువు మాటలో అంతకంటె లోతైన ప్రశ్న ఒకటి ఉన్నది. నేర్పువాడు ఎక్కడ నిలిచియున్నాడు? కాడి వెలుపల నిలిచి అదలించుచున్నాడా, లేక తానును మెడ పెట్టి లాగుచున్నాడా?

ఈ సంగతి నేను పుస్తకములు చదివి తెలిసికొనలేదు. నా తప్పిదము వలన తెలిసికొంటిని. సంఘమునకు మేలు కలుగునేమోయని దానిని దాచక వ్రాయుచున్నాను.

నేను ముప్పది ఏండ్లకు పైగా పాలమూరు పల్లెబడులలో పాఠములు చెప్పితిని. ఆదివారమున సండేస్కూలు కూడ నడిపితిని. బెత్తము పట్టని పంతులునని నాకు పేరు. ఆ పేరును బట్టి లోలోపల గర్వపడితిని. ఒక ఏడాది మూడవ తరగతిలో ఒక పిల్లవాడు వారములో మూడు నాలుగు దినములు ఆలస్యముగా వచ్చుచుండెను. వచ్చి కూర్చుండి కునికిపాట్లు పడుచుండెను. ఒక ఉదయమున నేను వానిని తరగతి ముందర నిలువబెట్టి, "దొరగారు ఇప్పుడే లేచి వచ్చిండ్రు. అందరు లేచి దండం పెట్టుండ్రి" అంటిని. పిల్లలు నిజముగనే లేచి, దండము పెట్టి, నవ్విరి. నేనును నవ్వితిని. వాడు నవ్వలేదు. సాయంకాలము వరకు కూర్చుండి, పలక సంచిలో పెట్టుకొని పోయెను. మరల రాలేదు. నేను ఒకసారి కబురు పంపితిని. జవాబు రాలేదు. హాజరు పట్టీలో పేరు కొట్టివేసితిని. అంతటితో నా పని తీరెననుకొంటిని.

చాల ఏండ్లు గడచిన తరువాత, నా కుమారుని చూచుటకు హైదరాబాదులోని గచ్చిబౌలికి పోతిని. మన సంఘములనుండి కూడ అనేకులు ఆ చోటికి పోయియున్నారు. కొందరు కంప్యూటరు కొలువులకు, కొందరు కాపలాకు, కొందరు కూలికి. అది ఒక విధముగా చదువుల ఊరు. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము అక్కడనే ఉన్నది. 1998లో పుట్టిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయమును, ట్రిపుల్ ఐటీయును అక్కడనే ఉన్నవి. చుట్టును ఆకాశమునంటు అద్దాల మేడలు.

ఇంకను కట్టుచున్న ఒక మేడ ముందర, సెంట్రింగు పనివాడొకడు నన్ను చూచి, తలమీది టోపీ తీసి దగ్గరకు వచ్చెను. "సారూ, నన్ను గుర్తువట్టిండ్రా?" అనెను. పేరు చెప్పినప్పుడు గుర్తుపట్టితిని. ఆ పిల్లవాడే. ఊరి క్షేమములు మాటలాడుకొంటిమి. తరువాత వాడు కొంచెము సిగ్గుపడుచు, క్రొత్తగా కట్టిన ఒక బోర్డు చూపి, "ఆ బోర్డుల ఏం రాసిండ్రో జెర చదివి చెప్పుండ్రి సారూ" అనెను. నడుముకు బెల్టు కట్టుకొనకుండ పై అంతస్తులలో ఎవరును పని చేయరాదని దానిమీద పెద్ద అక్షరములతో వ్రాయబడియుండెను. చదివి చెప్పితిని. నా గొంతు పూడుకొనిపోయెను.

వాని ఆలస్యమునకు కారణము ఆ దినముననే తెలిసెను. తండ్రి వలస పోయియుండెను. రాత్రివేళ కరెంటు వచ్చినప్పుడు తల్లి ఇతరుల పొలములకు నీరు కట్టుటకు పోవుచుండెను. ఆమెకు తోడుగా వాడు లాంతరు పట్టుకొని పోయెడివాడు. నేను అడిగియుంటే చెప్పియుండెడివాడు. నేను అడుగలేదు. "నన్ను క్షమించు నాయనా" అంటిని. వాడు ఆశ్చర్యపడి, "మీరేం చేసిండ్రు సారూ? మీరు కొట్టలే గద" అనెను.

కొట్టలేదు. ఆ మాట నన్ను నేటి వరకును పొడుచుచున్నది. బెత్తము పట్టకపోవుటయే ప్రేమ అనుకొని ఇన్ని ఏండ్లు మోసపోతిని. నేను కాడి వెలుపల నిలిచియుంటిని. వాడు ఒంటిగా లాగలేక కూలబడెను.

మరునాటి వేకువను నా కుమారుడు నన్ను ఆ గచ్చిబౌలిలోనే ఉన్న పుల్లెల గోపీచంద్ గారి బ్యాడ్మింటన్ అకాడమీ వైపు నడిపించుకొని పోయెను. సంఘపత్రికలో ఆటలను గూర్చి వ్రాయనేల అనకుడి. పౌలు కూడ పందెమున పరుగెత్తువారిని చూపి కొరింథీయులకు బోధించెను గదా (1 కొరింథీయులకు 9:24–27).

గోపీచంద్ గారు ప్రకాశం జిల్లాలో పుట్టినవారు. హైదరాబాదులో ఎస్. ఎం. ఆరిఫ్ గారియొద్దను, తరువాత బెంగుళూరులో ప్రకాశ్ పడుకోనే గారియొద్దను ఆట నేర్చిరి. 2001లో ఇంగ్లండు దేశపు ఆల్ ఇంగ్లండ్ పోటీలో గెలిచిరి. ఆ పోటీలో గెలిచిన భారతీయులలో వారి గురువైన పడుకోనే గారు (1980) మొదటివారు, వీరు రెండవవారు. ఆ గెలుపు తరువాత ఒక కూల్‌డ్రింకు ప్రకటనకు పెద్ద సొమ్ము ఇచ్చెదమనిరి. తాను త్రాగని దానిని పిల్లలను త్రాగుడని చెప్పనని వారు దానిని నిరాకరించిరి. ఆ తరువాత ప్రభుత్వమిచ్చిన స్థలములో అకాడమీ కట్టుటకు తన ఇల్లు తాకట్టు పెట్టిరి. 2008లో అది తెరువబడెను. సైనా నెహ్వాల్‌కు 2012లో లండన్ ఒలింపిక్ పోటీలో కాంస్య పతకము, పి. వి. సింధుకు 2016లో రియోలో వెండి పతకము వచ్చినది ఆయన శిక్షణలోనే. 2018లో పురుషులలో ప్రపంచమున మొదటి స్థానము పొందిన కిదాంబి శ్రీకాంత్ కూడ ఆయన శిష్యుడే.

అక్కడ అభ్యాసము తెల్లవారక మునుపే, నాలుగున్నర గంటల ప్రాంతమున మొదలగును. బాలికయైన సింధు దినమునకు 50 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి అక్కడికి వచ్చుచుండెను. గురువు ఆ వేళకు లేచి, తన చేతులతో షటిల్ కొట్టి ఆడించుచుండిరి. రియో పోటీలకు ముందు మూడు నెలలు ఆమె సెల్‌ఫోను తీసి దాచిరి. ఆమె కిష్టమైన తీపి పెరుగును, ఐస్‌క్రీమును మాన్పించిరి. ఇది కఠినమే. అయితే ఆ కాలములో తానును ఆమెతో సరిగా ఆడగలుగుటకు అన్నము మొదలైనవాటిని మానుకొనిరని పత్రికలు వ్రాసెను. పతకము వచ్చిన పిమ్మట, ఆమెకు ఫోనును, ఐస్‌క్రీమును తిరిగి ఇచ్చెదనని సంతోషముతో చెప్పిరి. ఇదియే కాడి క్రింద ఇద్దరు ఉండుట.

శాస్త్రులను పరిసయ్యులను గూర్చి ప్రభువు చెప్పిన మాట జ్ఞాపకము చేసికొనుడి. వారు మోయరాని బరువులు కట్టి మనుష్యుల భుజములమీద పెట్టుదురు గాని, వాటిని కదలించుటకు తమ వ్రేలైనను చాపరు. బరువు పెట్టుట తప్పని ఆయన చెప్పలేదు. వ్రేలు చాపకపోవుటను గద్దించెను. పెద్దల ఆజ్ఞలో ఎంత కఠినత యున్నదని బిడ్డ లెక్కపెట్టదు. ఆ ఆజ్ఞలో పెద్దలకును పాలున్నదా అని చూచును.

ఇంకొక సంగతి వినుడి. సింధు చిన్నతనమున మిక్కిలి బిడియము గలది. కోర్టులో గొంతెత్తదు. గోపీచంద్ గారు ఒక దినమున ఆమెను అందరి నడుమ నిలువబెట్టి, గట్టిగా కేక వేయుమనిరి. వేయువరకు ర్యాకెట్ పట్టరాదనిరి. ఆమె ఏడ్చెను. ఈ సంగతి ఆయనయే తరువాత చెప్పిరి. దీనిని మొదట వినినప్పుడు నా గుండె కలుక్కుమనెను. బయటికి చూచిన అదియు, నేను చేసినదియు ఒకటే గదా! ఇద్దరమును నలుగురి యెదుట ఒక బిడ్డను నిలువబెట్టితిమి.

అయితే ఒకటి కాదు. ఆయన ఆ బిడ్డను ఎరిగి, ఆమె లోపల అణగియున్న గొంతును వెలికి తీయగోరిరి. నేను ఆ పిల్లవానిని ఎరుగక, ఉన్న గొంతును కూడ నొక్కివేసితిని. ఆయన ఆమెకొరకు చేసిరి. నేను తరగతిని నవ్వించుటకు చేసితిని. అన్నిటికంటె ముఖ్యముగా, ఆమె ఏడ్చిన మరుసటి దినములలోను ఆయన వేకువనే లేచి ఆమెతో నిలిచిరి. నా పిల్లవాడు రాని దినమున నేను వాని గడపకు పోలేదు. ఈలాగు చెప్పినంత మాత్రమున ఆ విధమును ప్రతి బడిలో చేయుడని నా భావము కాదు. అది బలమైన మందు. ఆ మందు ఒకరికి ప్రాణమిచ్చును, మరియొకరికి ప్రాణము తీయును. రోగిని ఎరుగనివాడు దానిని ముట్టకుండుటయే మేలు.

మంచి గురువునకు మరియొక పరీక్ష కలదు. శిష్యులు విడిచిపోవు దినము వచ్చును. 2014లో సైనా బెంగుళూరులో విమల్ కుమార్ గారియొద్దకు పోయెను. ఆ ఎడబాటు తనకు బాధ కలిగించెనని గోపీచంద్ గారే తరువాత చెప్పుకొనిరి. అయినను 2017లో ఆమె తిరిగి వచ్చినప్పుడు తలుపు మూయలేదు. అపొస్తలుల కార్యములలో ఇట్టి కథ ఉన్నది. యౌవనస్థుడైన మార్కు ప్రయాణము మధ్యలో విడిచిపోయెను. పౌలు వానిని మరల వెంట తీసికొని పోవుటకు ఒప్పుకొనలేదు. బర్నబా వానిని చేర్చుకొనెను. ఏండ్లు గడచిన తరువాత ఆ పౌలే చెరసాలనుండి వ్రాయుచు, మార్కు తనకు ప్రయోజనకరుడని చెప్పి వానిని పిలిపించుకొనెను (2 తిమోతికి 4:11). బర్నబా లేకపోయిన మార్కు ఏమై యుండునో! ఒక్కసారి తప్పిపోయిన బిడ్డను హాజరు పట్టీలో కొట్టివేయుట సులభము. బర్నబావలె వెంటబోవుట కష్టము.

గురువు చూపులో కూడ బలమున్నది. 1964–65లో అమెరికాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో రాబర్ట్ రోసెంతాల్ అను పండితుడు, ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలైన లెనోర్ జేకబ్‌సన్ ఒక పరీక్ష చేసిరి. పిల్లలలో అయిదవ వంతు మందిని చీటీ వేసినట్లు ఊరకనే ఎంచి, వీరు ఈ ఏడాది బాగుగా వికసించుదురని ఉపాధ్యాయులతో చెప్పిరి. ఏడాది చివరకు, ముఖ్యముగా మొదటి రెండు తరగతులలో, ఆ పిల్లలు మిగిలినవారికంటె ఎక్కువ వృద్ధిపొందిరి. 1968లో వారు దీనిని గ్రంథముగా ప్రచురించిరి. ఆ ఫలితము ఎంత గొప్పదను విషయములో పండితులు తరువాత చాల వాదించిరి. అయినను చిన్నబిడ్డ తన గురువు కన్నులలో తన్ను తాను చూచుకొనునని మనలో ఎరుగనివారెవరు?

డాక్టర్ అంబేద్కర్ గారు తన బాల్యమును గూర్చి వ్రాసిన సంగతి తలంచుడి. బడిలో ఆయన ఒక మూలను, ఇంటినుండి తెచ్చుకొన్న గోనెగుడ్డ మీద కూర్చుండవలసియుండెను. బంట్రోతు వచ్చి కొళాయి త్రిప్పినగాని దాహము తీరదు. బంట్రోతు రాని దినమున నీళ్లు లేవు. అట్టి బడిలో పాఠము ఏది చెప్పినను, ఆ గోనెగుడ్డ వేరొక పాఠము చెప్పుచుండెను. మన సంఘములలోని తాతలు అనేకులు ఆ పాఠమును విన్నవారే. వారికి వేరొక చూపు చూపినవారు మన పల్లె ఉపదేశులు. దోర్నకల్‌లో 1912 మొదలుకొని 1945 వరకు బిషప్పుగా ఉండిన అజరయ్య గారి కాలములో ఉపదేశి పల్లెలోనే, మన గుడిసెల మధ్యనే కాపురముండెను. ఆదివారమున ఆరాధన నడుపువాడును అతడే, బిడ్డలకు అక్షరములు దిద్దించువాడును అతడే. అతని చదువు గొప్పది కాకపోవచ్చును. గాని బిడ్డ ఏల రాలేదో అతనికి తెలియును. ఏలయనగా ఆ బిడ్డ ఇంట పొయ్యి వెలిగినదీ లేనిదీ అతని గుమ్మములోనుండి కనబడుచుండెను.

కొందరు సహోదరులు సామెతల గ్రంథము తీసి, బెత్తమును మానరాదని దానిలో లేదా అని అడుగుదురు. మొక్కై వంగనిది మానై వంగునా అందురు. సామెతలలో ఆ మాట ఉన్నది. బిడ్డను దిద్దక విడిచిపెట్టుట ప్రేమ కాదని దాని సారము. అయితే ఇరువది మూడవ కీర్తనలో కూడ ఒక దుడ్డుకర్ర ఉన్నది. అది గొఱ్ఱెకు ఆదరణ కలిగించును. మన ఊరి గొల్లవారిని చూడుడి. వారు కర్రతో త్రోవ మళ్లింతురు, తోడేలును తరుముదురు. తమ గొఱ్ఱె కాలు విరుగగొట్టరు. బిడ్డలకు కోపము పుట్టించి వారి మనస్సు క్రుంగజేయవద్దని పౌలు కూడ తండ్రులకు వ్రాసెను (కొలొస్సయులకు 3:21). మన దేశములో 2009లో చేయబడిన విద్యాహక్కు చట్టములోని 17వ సెక్షను, బడిలో బిడ్డను కొట్టుటను మాత్రమే గాక మనస్సును హింసించుటను కూడ నిషేధించుచున్నది. ఆ రెండవ మాట నావంటివారికొరకే వ్రాయబడినది.

ప్రభువు తన శిష్యుని దిద్దిన విధము చూడుడి. పేతురు ముమ్మారు ఎరుగననెను. తిబెరియ సముద్రతీరమున ప్రభువు ఆ సంగతిని మరుగుపరచలేదు, ముమ్మారు అడిగెను. పేతురు దుఃఖపడెను. అయితే అడుగుటకు ముందు నిప్పులు చేసి, చేపలు కాల్చి, రాత్రియంతయు కష్టపడి ఆకలిగొనియున్నవారికి భోజనము పెట్టెను. అడిగిన ప్రతిసారి తన గొఱ్ఱెలను అతనికే అప్పగించెను. మొదట ఆకలి తీర్చెను, తరువాత తప్పు దిద్దెను, దిద్దినవానికే పని ఇచ్చెను.

కాబట్టి ప్రియులారా, ఉపాధ్యాయులైనవారు, సండేస్కూలు నడుపువారు, బిడ్డ తప్పిన దినమున గద్దింపునకు ముందు ఒక ప్రశ్న అడుగుడి: "ఏమైనది నాయనా?" జవాబు వినువరకు ఆగుడి. రాని బిడ్డ ఇంటికి నడిచిపోవుడి. మీరు చేయని దానిని బిడ్డను చేయుమనకుడి. తలిదండ్రులారా, పంతులుగారిని బిడ్డ యెదుట చులకన చేయకుడి. ఇంటి కష్టమును సిగ్గుపడి ఆయనకు దాచకుడి. ఆ తల్లి నాతో ఒక్కమాట చెప్పియుండిన బాగుండెడిదని నేను అనుకొందును. గాని ఆమె చెప్పుకొనదగిన మనిషిగా నేను ఉంటినా అని నా మనస్సు నన్ను తిరిగి అడుగును.

గచ్చిబౌలిలో ఆ సెంట్రింగు పనివాని యొద్ద సెలవు తీసికొనునప్పుడు, బిడ్డలు ఎందరని అడిగితిని. ఒక్కతే కూతురు; ఊరిలో నాయనమ్మయొద్ద ఉండి అయిదవ తరగతి చదువుచున్నది. బడి ఎట్లున్నదని అడుగగా వాని ముఖము వెలిగెను. "వాళ్ల మేడం మంచిది సారూ. ఒక్కనాడు పిల్ల బడికి రాకపోతే ఇంటికొచ్చి అడుగుతది" అనెను.

నేను చేయని పనిని ఎవరో ఒక సహోదరి చేయుచున్నది. నా చేత కూలబడిన కాడిని దేవుడు మరియొకరి మెడమీద ఎత్తించెను. ఆయనకు స్తోత్రము. ఆ దినము మొదలు, పేరు తెలియని ఆ మేడంగారికొరకు ప్రతి ఉదయము ప్రార్థించుచున్నాను. మీ ఊరి బడిలో మీ బిడ్డలతో కాడి క్రింద నడుచుచున్నవారికొరకు మీరును ప్రార్థించుడి.

ప్రార్థన: సాత్వికుడవైన బోధకుడా, మేము నవ్వి నొప్పించిన బిడ్డలను నీవు వెదకి ఆదరించుము. బరువు మోపుటకు ముందు వ్రేలు చాపు మనస్సును మాకు నేర్పుము. మా బిడ్డలను, వారి గురువులను ఒకే కాడి క్రింద నీవే నడిపించుము. ఆమేన్.